సీతమ్మ కథ ముగిసిన చోట

వ్యసనం మీద రాసిన నవల చదివినవాళ్లను కుంగదీసి వదిలేస్తే, దాన్ని గొప్ప కళ అనొచ్చా? హనుమకొండలో పుస్తకాలు చదివేవాళ్లు నలుగురు కూడిన చోట ఈ మాట మళ్లీ లేచింది. "మందు కల్లుతో ఊళ్లు పాడవుతుంటే చీకటి చూపించి ఊరుకునే రాత ఎవరికి కావాలె?" అని కొందరు. ఉన్న చీకటిని ఉన్నట్టు చెబితే తప్పేంటని ఇంకొందరు. సంస్కరణ కథల కాలం నుంచి తవ్వుకొచ్చే పని లేదు, అవన్నీ బడిలోనే చదివాం. నా లెక్కన ఈ ముడి పడింది 1990ల మొదట్లో, ఒక వాచకం దగ్గర.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. రాత్రి బడికి వచ్చే పెద్దవాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. ఒక ఆడమనిషి ఊళ్లోని ఆడవాళ్లను కూడగట్టి సారా అమ్మకం ఆపించడం ఆ కథ. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఆ పని నిజంగానే చేశారు. వాళ్లు చేసింది 'ఆడవాళ్లు ఏకమైతే' పేరుతో మళ్లీ పాఠమైంది, అది చదివి ఇంకో ఊరు కదిలింది. మన తెలంగాణ వైపు అదే కాలంలో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ పిలుపుతో సారా దుకాణాలు మూతపడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారు.

నిషేధం పోయింది కానీ ఆ పాఠం మన చదువరుల మనసులో కొలతబద్దగా ఉండిపోయింది. తాగుడు మీద కథ అంటే చివర దుకాణం మూతపడాలి, లేదా తాగేవాడు మారాలి. రెండూ జరగకపోతే రచయిత బాధ్యత మరిచాడంటారు. ఒక పాఠం ప్రభుత్వాన్ని కదిలించిందంటే దానికి చేతులెత్తి మొక్కాల్సిందే. దాంతో నవలను కొలవడం దగ్గరే నాకు పేచీ.

అలా కొలిచేవాళ్ల కోపంలో న్యాయం లేదని కాదు. తాగి వచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్న మనిషికి ఆ తాగుబోతు లోపలి చీకటిని మూడొందల పేజీల్లో చదివే ఓపిక ఎందుకుంటుంది? ఆ మాటకు జవాబు చెప్పడం కష్టం.

కానీ 2015 గుర్తు తెచ్చుకోండి. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగింది. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడ్డవాళ్లు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆస్పత్రుల పాలయ్యారు. ఫిట్స్, మెడలు వంకర పోవడం, మతి తప్పిన మాటలు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్లు మానలేదు, వాళ్లకు కల్లు దొరకలేదు, అంతే. సీతమ్మ కథ దుకాణం మూతపడిన రోజు ముగుస్తుంది. ఈ మనుషుల కథ మొదలైంది ఆ మర్నాడు. ఒళ్లే ఎదురు తిరిగిన మనిషి గురించి ఏ వాచకం చెప్పగలదు? దానికి నవలే కావాలి. ఆ నవల చీకటిగా ఉండక తప్పదు.

దారి చూపని పుస్తకం ఈ నేలకు కొత్త కాదు. 1969లో వచ్చిన 'అంపశయ్య' నవల పేద విద్యార్థి రవి ఒక్క రోజు బతుకు, అతని ఆలోచనల సుడి. దానిలో పరిష్కారం వెతికినా దొరకదు. వరంగల్ జిల్లా నవీన్‌కు ఆ పుస్తకం పేరే ఇంటిపేరైంది.

ఇప్పుడు మనం వేస్తున్న నింద ఫ్రెంచ్ నవలాకారుడు ఎమిల్ జోలా 1876లోనే మోశాడు. తాగుడు మీద ఆయన రాసిన నవల 'లాసమ్మువార్' ధారావాహికగా మొదలైన పత్రిక దాన్ని మధ్యలో ఆపేసింది, మిగతాది వేరే పత్రికలో వచ్చింది. కార్మికులను అవమానించాడన్నది వామపక్షం వాళ్ల ఫిర్యాదు. మరుసటేడు పుస్తకం వేస్తూ, ప్రజల గురించి అబద్ధమాడని తొలి నవల ఇదని ముందుమాటలో రాసుకున్నాడు. అందులో కూపో ఇంటి కప్పులు వేసే పనివాడు. తాగి కప్పు మీది నుంచి పడి తండ్రి చచ్చాడు కాబట్టి మొదట్లో మందు ముట్టడు. పని మధ్యలో, కింది నుంచి కూతురు పిలిస్తే, అటు చూడబోయి జారిపడతాడు. కాలు విరిగి మంచాన పడ్డ ఖాళీ రోజుల్లోంచి తాగుడు వస్తుంది. తాటిచెట్టు మీది నుంచి పడ్డ మనిషి ఉన్న ఏ గీత కార్మికుడి ఇంట్లోనైనా ఈ పేజీలు చదివి వినిపించండి, పారిస్ సంగతని ఎవరూ అనుకోరు.

కూపో పిచ్చాసుపత్రిలో వణికి వణికి చస్తాడు. భార్య జర్వేజ్ బట్టలుతికి బతికిన మనిషి, చివరికి తనూ తాగుడులో మునిగి మెట్ల కింది గూట్లో చచ్చిపోతుంది. వాసన వస్తే గానీ ఎవరికీ తెలియదు. మారిన మనిషి లేడు, మూతపడిన దుకాణం లేదు. శవాన్ని పెట్టెలో పెట్టడానికి కాటిపని ముసలాయన వస్తాడు, ఆయనా తాగే ఉన్నాడు. తండ్రిలా జాగ్రత్తగా ఎత్తి పడుకోబెట్టి, ఇక నీకు సుఖమే, నిద్రపో తల్లీ అంటాడు. నవల అక్కడితో అయిపోతుంది.