జనవరిలో జలపాతానికి నీళ్లెక్కడివి?

విశాఖలో వాన అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుపాన్లు. డిసెంబరు వచ్చేసరికి ఆకాశం ఖాళీ. మనవాళ్లకి అరకు సీజన్ ఊపందుకునేది సరిగ్గా అప్పుడే. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి బొర్రాలో దిగడం, గుహలు చూసుకుని జీపు మాట్లాడుకోవడం, గతుకుల దారిలో కటికి జలపాతం వైపు వెళ్లడం. జీపు ఆగాక కొంత దూరం రాళ్ల మీద నడక. వాన పడి వారాలు దాటినా అక్కడ నీళ్లు దూకుతూనే ఉంటాయి. జనవరిలో కూడా. నిటారు కొండ మీద పడిన వాన కొన్ని గంటల్లోనే జారిపోవాలి కదా, మరి ఇన్నాళ్ల తర్వాత వస్తున్న ఈ నీళ్లు ఎక్కడివి?

"పైనుంచి వస్తాయండి" అంటాడు జీపు డ్రైవరు. నిజమే. కానీ ఆ పైన పెద్ద చెరువేం లేదు. హిమాలయాల్లో అయితే కరిగే మంచు ఉంటుంది. మన తూర్పు కనుమల్లో శిఖరాలే 1,700 మీటర్లు దాటవు, మంచు కురిసే ఎత్తు కాదు. ఇక్కడ ఉన్నదల్లా కొండ. నీళ్లు దాచింది అదే.

ఎన్ని నీళ్లు దాచాలో లెక్క వేయడం కష్టమేం కాదు. ఒక ఎండుటాకు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. జలపాతానికి కాస్త దిగువన, గెడ్డ (వాగు) తిన్నగా పారే చోటు చూసుకోవాలి. వెడల్పు 2 మీటర్లు, లోతు సగటున 15 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఆకు వదిలితే 3 మీటర్ల దూరం 15 సెకన్లలో వెళ్లిందనుకుందాం. అంటే సెకనుకి 20 సెంటీమీటర్ల వేగం. మూడూ గుణిస్తే సెకనుకి 60 లీటర్లు. పైన పారే నీటికన్నా అడుగున రాళ్లకి రాసుకుంటూ పారే నీరు నెమ్మది కాబట్టి ఇందులో ఒక ఐదో వంతు తీసేయాలి. అటూఇటూగా 50 లీటర్లు తేలుతుంది. రోజుకి 43 లక్షల లీటర్లు!

ఆ అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ గెడ్డకి నీరిచ్చే కొండల విస్తీర్ణం 5 చదరపు కిలోమీటర్లు అనుకుంటే, దాని మీద ఒక్క మిల్లీమీటరు నీరు పరిస్తే 50 లక్షల లీటర్లు. అంటే రోజుకి బయటికి వస్తున్నది మిల్లీమీటరు కూడా లేదు. చుక్క వాన లేకుండా 100 రోజులు ఇదే ధార పారినా ఖర్చయ్యేది 86 మిల్లీమీటర్లు. గట్టి వాయుగుండం పడితే ఒక్క రోజులో కురిసే వాన అది. ఏడాది వానలో పదో వంతు లోపల పట్టి ఉంచుకుంటే చాలు, కొండకి ఎండాకాలం దాకా సరిపోతుంది. ఇవి నేను ఉదాహరణకి వేసిన అంకెలు. మీరు ఏ గెడ్డ దగ్గర నిలబడితే ఆ గెడ్డ కొలతలు వేసుకోండి, పద్ధతి ఇదే.

మరి రాతి కొండ నీళ్లని ఎక్కడ పెట్టుకుంటుంది? ఇది తెలియాలంటే అరకు దాకా కూడా వెళ్లక్కర్లేదు. విశాఖలోనే కైలాసగిరి ఎక్కుతూ దారి పక్కన కోసిన రాతిని దగ్గరగా చూస్తే చాలు. తుప్పు రంగు, మధ్యలో ఎర్రటి గింజల్లా గార్నెట్లు, పొరలుపొరలుగా చారలు. దీన్ని ఖొండలైట్ అంటారు. గోరుతో గీకితే కొన్నిచోట్ల పిండిలా రాలుతుంది. తూర్పు కనుమల్లో ఇది, దీనికన్నా గట్టిదైన చార్నకైట్ ఎక్కువగా కనిపిస్తాయి. రెండూ భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారిపోయిన పాత రాళ్లు. తాజాగా ఉన్నప్పుడు వాటిలోకి నీరు దిగదు. కానీ కోట్ల ఏళ్ల ఎండకి, వానకి ఖొండలైట్‌లోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. రాయి ఆకారం అలాగే ఉంటుంది, లోపల మాత్రం గుల్లబారిపోతుంది. దాని కింద ఇంకా చెడని రాతిలో పగుళ్లుంటాయి. వాన నీరు ముందు మట్టిలోకి, తర్వాత గుల్లరాతిలోకి, ఆపైన పగుళ్లలోకి దిగుతుంది. అక్కడ దాని ప్రయాణం ఎంత నెమ్మదంటే, కొండ అంచుకి చేరడానికి నెలలు, కొన్ని దారుల్లో ఏళ్లు కూడా పడుతుంది.

ఈ ప్రాంతంలో దీనికి తోడు ఇంకొకటుంది. అనంతగిరి, అరకు, చింతపల్లి వైపు కొన్ని కొండల నెత్తిన బాక్సైట్ టోపీలా పరుచుకుని ఉంది. ఖొండలైట్‌లోంచి సిలికా కడుక్కుపోగా మిగిలిన అల్యూమినియం ఖనిజమే ఈ బాక్సైట్. సన్నటి రంధ్రాలతో నిండి ఉంటుంది కాబట్టి వానని ఇట్టే లోపలికి లాగేస్తుంది. దాని అడుగున బంకమట్టి పొర ఉన్నచోట నీరు ఇంక కిందికి దిగలేక పక్కకి తిరిగి, కొండవాలులో ఊటగా బయటపడుతుంది. బాక్సైట్ తవ్వకాల మీద దశాబ్దాలుగా నడిచిన గొడవలో గిరిజనులు ఊటల మాట ఎత్తుతూ వచ్చింది ఇందుకే. అది ఉద్యమ నినాదంలా వినిపించవచ్చు గానీ, వెనకాల ఉన్నది మామూలు జలశాస్త్రం.

జలపాతానికి నడిచే దారిలో ఈ నీరు బయటికి వచ్చే చోట్లు కంటికి కనిపిస్తాయి. ధార పడే రాతిగోడకి పక్కన, గెడ్డకి సంబంధం లేనట్టున్న చోట ఒక పగులు వెంబడి తడి చార ఉంటుంది. దాని మీద నాచు, చిన్న చిన్న ఫెర్న్ మొక్కలు వరసగా, ఎవరో గీత గీసి నాటినట్టు. ఆ చార మీద చెయ్యి పెట్టి, తర్వాత గెడ్డలో చెయ్యి పెట్టి చూడండి. డిసెంబరు తెల్లవారుజామున ఊట నీరు గెడ్డకన్నా గోరువెచ్చగా అనిపిస్తుంది, మే మధ్యాహ్నం చల్లగా. కొన్ని మీటర్ల లోతుకి వెళ్తే నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా, ఆ ఊరి ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది. ఊట అక్కణ్నుంచి వస్తోంది. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, అరకు రైలు దారిలో 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ చుట్టుపక్కల ఊట, విశాఖ బావి నీటికన్నా ఎప్పుడూ చల్లన.

దూకే నీరు కింద రాతికి కొట్టుకుని కొంచెమైనా వేడెక్కదా అని ఒక సందేహం రావచ్చు. వేడి మీద ప్రయోగాలు చేసిన ఇంగ్లీషు శాస్త్రవేత్త జేమ్స్ జూల్‌కి వచ్చింది. 1847లో పెళ్లయిన కొత్తలో ఆల్ప్స్‌కి వెళ్లినప్పుడు కూడా థర్మామీటరు వెంట పట్టుకెళ్లి జలపాతం పైన, కింద కొలవాలని చూశాడని అతని మిత్రుడు విలియం థామ్సన్ చెప్పాడు. నీరంతా తుంపరైపోయి కొలత కుదరలేదట. కొత్త పెళ్లికూతురు ఏమందో ఎక్కడా రాయలేదు. లెక్క ప్రకారం 15 మీటర్ల నుంచి పడిన నీరు వేడెక్కేది డిగ్రీలో 30వ వంతు. చేతికి తెలిసే సంగతి కాదు.

ఇక ఒక విచిత్రం. వర్షం పడి గెడ్డ ఉప్పొంగినప్పుడు పారేది ఆ రోజు వాన నీరే అనుకుంటాం. నీటిలో ఆక్సిజన్-18 అనే కాస్త బరువైన ఆక్సిజన్ ఎంత ఉందో కొలిస్తే ఏది కొత్త నీరు, ఏది పాతదో విడదీయవచ్చు. 1970ల నుంచి చాలా దేశాల్లో అడవి కొండల దగ్గర అలా కొలిచి చూస్తే, వరదలో సగానికి పైగా నేలలో ముందు నుంచీ ఉన్న నీరేనని అనేకచోట్ల తేలింది. మే నెల మధ్యాహ్నం వైజాగ్‌లో కుళాయి తిప్పితే ముందు పైపులో కాగిన నీరంతా వచ్చాకే ట్యాంకు నీరు వస్తుంది చూడండి, ఇదీ అంతే. పైనుంచి దిగిన వాన లోపలి నీటిని తోస్తుంది.

చెట్ల సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. చెట్లుంటే నీళ్లుంటాయి అని బడిలో చదివాం. సగమే నిజం. చెట్టు నీళ్లు తాగుతుంది, ఆకుల్లోంచి ఆవిరి చేస్తుంది. అడవి నరికినచోట ఏడాది మొత్తం మీద గెడ్డలో నీరు పెరిగిందని ఎన్నో ప్రయోగాల్లో చూశారు. కానీ ఆ పెరిగింది ఎప్పుడు పారుతుందన్నది అసలు ప్రశ్న. రాలిన ఆకులు, వేళ్లు, వానపాములు కలిసి నేలని వదులుగా ఉంచుతాయి, వాన లోపలికి దిగుతుంది. ఆ పొర పోయి నేల గట్టిపడితే వాన పైపైనే పారిపోతుంది, ఆగస్టులో ఎర్రటి వరద, ఫిబ్రవరిలో ఎండిన రాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండల్లో కూడా ఎన్నో చెట్లు కూల్చింది. అయినా పడిన చెట్టు కింద నేల ఇంకా వదులుగానే ఉంటుంది, మళ్లీ మొలకలొస్తాయి. నా లెక్కలో చెట్టు పడిపోవడం కన్నా నేల గట్టిపడిపోవడం పెద్ద నష్టం.

ఇలా మెల్లగా కారే నీరు గోస్తనిలో కలిసి తాటిపూడి రిజర్వాయరుకి, అక్కణ్నుంచి కొంత విశాఖ కుళాయిలకీ చేరుతుంది.

కొండ దాచలేని నీరు కూడా ఉంది, జలపాతం దగ్గర ప్రాణం మీదికి తెచ్చేది అదే. జూన్‌లో ఎండి ఉన్న నేల మొదటి వానల్ని గుటకేస్తుంది. సెప్టెంబరు నాటికి మట్టి, గుల్లరాయి నిండుకుండల్లా ఉంటాయి, అప్పుడు పడే వానలో ఎక్కువ భాగం నేరుగా గెడ్డలోకే. అదే వాన, జూన్‌లో ఏమీ చేయనిది, సెప్టెంబరులో అరగంటలో గెడ్డని మనిషి ఎత్తు పెంచగలదు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వాన పైకొండ మీద పడి ఉండొచ్చు. తేటగా ఉన్న నీరు ఒక్కసారిగా మట్టి రంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు బరువెక్కినా ఫొటోలు ఆపి ఒడ్డెక్కి పైకి నడవాలి, గెడ్డ వెంట కిందికి మాత్రం పరిగెత్తకూడదు.

ధార కింద మడుగులో తెల్లటి నురగ ఉన్నచోట ఈత వచ్చినవాళ్లు కూడా దిగకూడదు. నీటిలో ఐదో వంతు గాలి బుడగలుంటే దాని సాంద్రత కూడా ఐదో వంతు తగ్గుతుంది. మన ఒళ్లు మంచినీటిలో తేలేదే బొటాబొటిగా, ఆ నురగలో తేలదు. పైగా దూకే నీరు అడుగుకి నెట్టి, సుడి తిప్పి మళ్లీ ధార కిందికే లాక్కొస్తుంది. మడుగు చివర, నీరు పచ్చగా తేటపడి నెమ్మదిగా పారే చోట మోకాళ్ల లోతులో ఉంటే ఇబ్బంది లేదు, పాకుడు పట్టిన రాయి మీద కాలు వేయకుండా చూసుకుంటే.