ఊరి గొప్ప చెప్పే ఖర్చు ఎవరిది?

టూరిజం యాడ్స్‌కి సర్కారు డబ్బెందుకు అన్న తగవు బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ లేస్తుంది. లాభం హోటళ్లకి, బిల్లు పన్ను కట్టేవాళ్లకా అని అడిగేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. అసలు ఈ బిల్లు సర్కారు నెత్తిన ఎలా పడిందో చూడాలి.

1901లో న్యూజిలాండ్ ఒక టూరిజం శాఖ పెట్టింది. ప్రపంచంలో ప్రభుత్వం నడిపిన మొదటి టూరిజం శాఖ అదే. అప్పట్లో రైళ్లు సర్కారువి, రోటొరువాలో వేడినీటి స్నానశాలలూ సర్కారువే. సొంత కొట్టుకి బోర్డు పెట్టుకున్నట్టే కాబట్టి అడిగేవాళ్లు లేరు. 1990ల్లో ప్రభుత్వ హోటళ్లూ రైల్వే అమ్ముడుపోయాయి. 1999లో మొదలైన ‘100% ప్యూర్’ ప్రచారానికి డబ్బు మాత్రం సర్కారే పెట్టింది. కొట్టు చేతులు మారినా బోర్డు ఖర్చు మారలేదు.

మరి హోటళ్లే పెట్టుకోవచ్చు కదా? ఒక హోటల్ తమ బీచ్ గురించి యాడ్ వేస్తే, అది చూసి వచ్చినవాళ్లు పక్క హోటల్లో దిగొచ్చు. అందుకని ఎవరికి వాళ్లు తమ గదుల గురించే చెప్పుకుంటారు. దివాలా అంచుదాకా వెళ్లిన న్యూయార్క్ గురించి 1977లో ‘ఐ లవ్ న్యూయార్క్’ అని రాష్ట్రమే చెప్పాల్సి వచ్చింది. ‘లవ్’ అన్న మాట బదులు అందులో ఉండే గుండె బొమ్మను డిజైనర్ మిల్టన్ గ్లేజర్ ట్యాక్సీలో కూర్చుని, చిరిగిన కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో గీశారు. పైసా తీసుకోలేదు. ఖర్చంతా దాన్ని జనానికి చూపించడానికే.

మానేస్తే ఏమవుతుందో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం చూసింది. 1993లో అక్కడి ఓటర్లు టూరిజం పన్ను వద్దన్నారు, ప్రచారం ఆగిపోయింది. తర్వాత రెండేళ్లలోనే పర్యాటకుల్లో రాష్ట్రం వాటా సుమారు 30 శాతం పడిపోయిందని ఒక అధ్యయనం తేల్చింది. చేసింది టూరిజం శాఖలకే సర్వేలు చేసిపెట్టే కంపెనీ కాబట్టి ఆ అంకెను నేను కాస్త అనుమానంగానే చూస్తాను. కానీ 2000లో రాష్ట్రం మళ్లీ టూరిజం ఆఫీసు తెరిచిన మాట నిజం. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో తన ఆఫీసు మూసేసింది. వ్యాపారులు సొంతంగా సంఘం పెట్టి నడిపారు గానీ సరిపడా చందాలు పోగవలేదు. 2018లో చట్టం చేసి మళ్లీ పన్ను డబ్బు కేటాయించారు, వ్యాపారులూ తమ వాటా వేయాలన్న షరతుతో.

అమెరికా కేంద్ర ప్రభుత్వం 2010లో ఇంకో దారి పట్టింది. వీసా అక్కర్లేని దేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర రుసుము తీసుకుని, దానికి ప్రైవేటు విరాళాలు జతచేసి దేశం తరఫున టూరిజం ప్రచారం చేసే బ్రాండ్ యూఎస్‌ఏ అనే సంస్థను నడిపింది. సొంత జనం మీద భారం లేదు, గొడవ తీరిందనుకున్నారు. 2025లో ఆ రుసుము 21 డాలర్ల నుంచి 40కి పెరిగింది. బ్రాండ్ యూఎస్‌ఏకి దాని నుంచి వచ్చే డబ్బు పరిమితి మాత్రం ఏడాదికి 10 కోట్ల డాలర్ల నుంచి 2 కోట్లకు దిగింది.