లివర్ రిపోర్టు చూసి గుండె మాత్ర ఆపేయొద్దు

స్కానింగ్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్' అన్న మాట కనిపించగానే ఎవరికైనా ముందు పట్టుకునేది లివర్ భయమే. కాలేయంలో (లివర్‌లో) కొవ్వు పేరుకోవడమే ఫ్యాటీ లివర్. ఫోన్‌లో వెతికితే సిరోసిస్ (కాలేయం గట్టిపడి చెడిపోవడం), క్యాన్సర్ అని కనిపిస్తాయి. టెన్షన్ మొదలవుతుంది. వెంటనే వేసుకుంటున్న మందులన్నీ ముందేసుకుని, వీటిలో లివర్‌కు పడనిది ఏదా అని చూస్తారు. అనుమానం మొదట పోయేది కొలెస్టరాల్ మాత్ర మీదికే. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లలోనూ కొందరు, లివర్ పాడవుతుందేమోనని, ఎవరినీ అడగకుండా ఆ మాత్ర మానేస్తారు. ఆ ఒక్క పని వద్దని చెప్పడానికే ఈ వ్యాసం.

ఎందుకంటే ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల మరణాలకు కారణాల్లో మొదటిది లివర్ జబ్బు కాదు, గుండె, రక్తనాళాల జబ్బు. లివర్ పూర్తిగా చెడిపోయే దశకు చేరేది కొద్దిమందే. మిగతావాళ్లలో చాలామందికి అంతకంటే ముందే ముప్పు వచ్చేది గుండె వైపు నుంచి.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఎక్కడుందో తెలియాలంటే కాలేయంలోకి కొవ్వు ఎలా చేరుతుందో చూడాలి. తిన్న నూనే నేరుగా వెళ్లి అక్కడ పేరుకుంటుందని అనుకుంటాం. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ కొవ్వు మూలాలను విడదీసి లెక్క కట్టారు. దాదాపు 60 శాతం, ఒంట్లో అప్పటికే దాచి ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా వచ్చి చేరినది. మరో పావు వంతు కాలేయం తానే చక్కెరల్లాంటి వాటి నుంచి తయారుచేసుకున్నది. ఆహారంలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే.

దాచిన కొవ్వు ఎప్పుడుపడితే అప్పుడు కరిగిపోకుండా పట్టి ఉంచేది ఇన్సులిన్. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గితే ఆ పట్టు సడలి, కొవ్వు రోజంతా కాలేయానికి చేరుతూనే ఉంటుంది. కాలేయం కూడా దాన్నంతా తన దగ్గరే ఉంచుకోదు. వీఎల్‌డీఎల్ అనే రేణువుల్లోకి ఎక్కించి తిరిగి రక్తంలోకి పంపుతుంది. దాంతో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా మారి రక్తనాళాల గోడల్లోకి తేలిగ్గా దూరతాయి. వాపును పెంచే పదార్థాలు, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజన్ తయారయ్యేది కూడా కాలేయంలోనే. కొవ్వు పట్టిన కాలేయం వీటిని ఎక్కువగా వదులుతుంది.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. టీఎం6ఎస్ఎఫ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది. 2014లో ఈ సంగతి బయటపడింది. కానీ వాళ్ల రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు తక్కువ, గుండెపోటు ముప్పు కూడా తక్కువే. కారణం, వాళ్ల కాలేయం కొవ్వును బయటికి సరిగా పంపలేదు. నష్టమంతా అదే భరిస్తుంది, నాళాలు బతికిపోతాయి. అంటే రక్తనాళాలను ఎక్కువగా దెబ్బతీసేది కాలేయంలో ఉండిపోయిన కొవ్వు కాదు, అక్కడి నుంచి రక్తంలోకి వచ్చిపడే కొవ్వు. ఈ మార్పు లేని ఎక్కువమందిలో రెండు వైపులా నష్టమే.

2023లో నిపుణులు ఈ జబ్బు పేరు మార్చి, పాత పేరులోని 'మద్యంతో సంబంధం లేని' అన్న మాట తీసేసి, జీవక్రియ లోపాన్ని పేరులోకి తెచ్చారు. కొత్త నిర్వచనం ప్రకారం కాలేయంలో కొవ్వుతో పాటు అధిక బరువు లేదా పెరిగిన నడుం చుట్టుకొలత, షుగర్, బీపీ, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్, ఈ అయిదింటిలో కనీసం ఒకటి ఉండాలి. ఈ అయిదూ గుండె డాక్టర్ చూసేవే.

ఇక ఆ కొలెస్టరాల్ మాత్ర సంగతి. స్టాటిన్లు అనే మందులవి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో వేల రకాల బూజులను పరీక్షించి, కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థాన్ని ఒకదాన్ని కనుక్కున్నారు. స్టాటిన్ల కథ అక్కడ మొదలైంది. ఆ కుటుంబంలో మొదటి మందు 1987లో అమ్మకానికి వచ్చింది. స్టాటిన్ పనిచేసే చోటే కాలేయం. అక్కడ కొలెస్టరాల్ తయారీ తగ్గిస్తే, తనకు కావలసింది రక్తంలోంచి లాక్కోక కాలేయానికి తప్పదు. రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గేది అలాగే. కాలేయంలో పనిచేస్తుంది కాబట్టి దానికి హాని చేస్తుందేమోనన్న శంక మొదట డాక్టర్లకూ ఉండేది. మాటిమాటికీ లివర్ పరీక్షలు చేయించేవారు. తీవ్రమైన హాని చాలా అరుదని తేలాక, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఆ నిబంధన తీసేసింది. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత అవసరమనిపిస్తేనే పరీక్ష చేస్తే చాలంది.

గ్రీస్‌లో గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో ఫ్యాటీ లివర్ వల్లే కావచ్చు, లివర్ ఎంజైములు (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేవి) కొంచెం పెరిగినవాళ్లు 437 మంది ఉన్నారు. స్టాటిన్ వేసుకున్న 227 మందిలో 22 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి. వేసుకోని 210 మందిలో 63 మందికి వచ్చాయి. లివర్ పరీక్షలు మామూలుగా ఉన్నవాళ్లకంటే వీళ్లకే మందు ఎక్కువ మేలు చేసింది. పైగా మందు వేసుకున్న వీళ్ల ఎంజైములు మెరుగుపడ్డాయి కూడా. ఇది ఈ ప్రశ్న కోసమే మొదలుపెట్టిన అధ్యయనం కాదు, తర్వాత విడదీసి చూసిన లెక్క. ఆ జాగ్రత్తతో చదివినా, 22కూ 63కూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. మాత్ర ఆపేద్దామనుకునే ప్రతి ఒక్కరూ ఆ రెండు అంకెలను ఒక్కసారి చూడాలని నా కోరిక.

స్టాటిన్ గురించి మళ్లీ ఆలోచించాల్సిన సందర్భాలూ లేకపోలేదు. ఎంజైములు మామూలు హద్దుకు మూడు రెట్లు దాటి తగ్గకపోయినా, కామెర్లు వచ్చినా, సిరోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరినా డాక్టర్ చూసి నిర్ణయిస్తారు.

స్కానింగ్ రిపోర్టులోని 'గ్రేడ్' గురించి కూడా చెప్పాలి. గ్రేడ్ 1, గ్రేడ్ 2 అన్నది కొవ్వు ఎంతుందో చెబుతుంది, కాలేయం ఎంత మచ్చకట్టిందో చెప్పదు. అసలు చూడాల్సింది ఆ మచ్చకట్టడాన్నే. అది పెరిగేకొద్దీ లివర్‌కూ గుండెకూ ముప్పు పెరుగుతుంది. దాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే సులువైన లెక్క ఉంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైములు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని, ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చేదానితో భాగించాలి. 50 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2,50,000 ఉంటే 1.14 వస్తుంది. 1.3 కంటే తక్కువైతే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్లకు ఆ హద్దు 2. అంతకు మించితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష అవసరమవుతుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన లివర్ బాగుందని కాదు, అందుకే ఒక్క అంకెను చూసి ధీమా పడకూడదు.

రెండు జబ్బులూ ఉన్నప్పుడు మందుల ఎంపికలో ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు కావచ్చు. షుగర్ మందు పియోగ్లిటజోన్ కాలేయంలో వాపును తగ్గిస్తుంది, కానీ ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది కాబట్టి గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్ కొందరిలో తానే కాలేయంలో కొవ్వు, వాపు తెస్తుంది. రెండింటికీ కలిసొచ్చే మందులూ ఉన్నాయి. షుగర్‌కూ బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్, షుగర్ లేకుండా గుండె జబ్బు, అధిక బరువు ఉన్న 17,604 మందిలో, గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలను కలిపి 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. 2025లో దాన్ని అమెరికాలో మచ్చకట్టిన ఫ్యాటీ లివర్‌కూ అనుమతించారు. అంతకుముందు, 2024లో, కాలేయం కోసమే వచ్చిన రెస్మెటిరోమ్ ఎల్‌డీఎల్‌ను కూడా తగ్గిస్తుంది. అయితే అది వాడేటప్పుడు కొన్ని స్టాటిన్ల మోతాదుకు హద్దు ఉంది. అందుకే గుండె డాక్టర్ రాసిన చీటీ లివర్ డాక్టర్‌కు, లివర్ డాక్టర్ చీటీ గుండె డాక్టర్‌కు తప్పక చూపించాలి. లివర్‌ను శుభ్రం చేస్తాయని అమ్మే పొడులు, కషాయాలు వాడుతుంటే అవీ చెప్పాలి, వాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి.

బరువు విషయంలో అంకెలు ఆశ కలిగించేవే. అధిక బరువు ఉన్నవాళ్లు 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతానికి వాపు తగ్గుతుంది, 10 శాతం దాటితే మచ్చ కూడా వెనక్కి తగ్గవచ్చు. 80 కిలోల మనిషికి 5 శాతమంటే 4 కిలోలు. తీపి కలిపిన పానీయాలు మానేయడంతో మొదలుపెట్టడం మంచిది. వాటిలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర కాలేయంలో కొవ్వు తయారీని బాగా పెంచుతుంది. మద్యం ఈ జబ్బులో ఏ కొంచెమూ మంచిది కాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, బరువు తగ్గకపోయినా, కాలేయంలో కొవ్వును తగ్గిస్తుంది. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్లు మాత్రం ఎంత నడవాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టర్‌ను అడిగాకే అడుగు వేయాలి. నడకలో ఛాతీ పట్టేసినట్టున్నా, ఊపిరి అందకపోయినా అక్కడే ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.