పిల్లల ఊబకాయం: డైట్ చార్ట్ రాసిస్తే వైద్యం అయిపోదు

విశాఖలో పిల్లల డాక్టర్‌ని. ఊబకాయం ఉన్న పిల్లల్ని ఎలా చూడాలో పీజీ డాక్టర్లకు నేర్పుతుంటాను. ఈ అపోహలు తల్లిదండ్రుల్లోనే కాదు, మాలోనూ ఉన్నాయి.

అపోహ: పిల్లల వైద్యం చదివాక దీనికి వేరే శిక్షణ ఎందుకు? తక్కువ తిని ఆడుకోమంటే సరిపోతుంది.

వాస్తవం: ఆ మాట విన్నవాళ్లు చాలామంది మళ్లీ ఓపీకి రారు. గాజువాక నుంచి తొమ్మిదేళ్ల బాబు జలుబని వచ్చాడు. మెడ వెనక మడతల్లో నలుపు. వాళ్లమ్మ మురికనుకుని రోజూ సున్నిపిండితో రుద్దుతోంది, చర్మం కమిలింది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. మా పీజీ అమ్మాయి వెంటనే పట్టేసింది. కానీ "బాగా లావెక్కాడమ్మా, జంక్ ఫుడ్ మాన్పించండి" అనేసింది. పిల్లాడు తల దించేసుకున్నాడు. నానమ్మ "దిష్టి పెట్టకమ్మా" అంటూ మనవణ్ణి దగ్గరకు లాక్కుంది.

శిక్షణ కావాల్సింది అక్కడే. "బరువు గురించి కాసేపు మాట్లాడుకుందామా?" అని ముందు అడగాలి. ట్యూషన్ నుంచి ఎన్నింటికొస్తాడు, ఎప్పుడు పడుకుంటాడు, ఫోన్ చూస్తూ తింటాడా, అన్నీ వినాలి. మొదట ఒక్క మార్పు చాలు, అదీ వాళ్లు ఎంచుకున్నదే. ఆ బాబు కూల్‌డ్రింక్ బదులు మజ్జిగ తాగుతానన్నాడు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023 మార్గదర్శకాల ప్రకారం 3 నుంచి 12 నెలల వ్యవధిలో వైద్య బృందం కుటుంబంతో కనీసం 26 గంటలు గడపాలి. మన ఓపీ రద్దీలో అన్ని గంటలు కష్టమే. అందుకే డైటీషియన్, నర్సు కూడా ఈ మాట తీరు నేర్చుకోవాలంటాను.

అపోహ: కంటికి కనిపిస్తుంటే కొలతలెందుకు?

వాస్తవం: కన్ను మోసం చేస్తుంది. 5 ఏళ్లు దాటితే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టు మీద బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) చుక్క పెట్టాలి. పెద్దవాళ్ల బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27 గీత దాటితే ఊబకాయం. బీపీ కూడా చూడాలి. చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది.

అపోహ: థైరాయిడ్ వల్లే.

వాస్తవం: అరుదు. ఎత్తు బాగానే పెరుగుతుంటే సాధారణంగా హార్మోన్ల సమస్య ఉండదు. లావవుతూ ఎత్తు ఆగిపోతేనే అనుమానించాలి.

ఆరు నెలల తర్వాత ఆ బాబు బరువు అంతే ఉంది. అమ్మ దిగులు పడింది. కానీ మూడు సెంటీమీటర్లు ఎత్తు పెరిగాడు, చార్టులో చుక్క కిందికి దిగింది. ఈసారి మా పీజీ అమ్మాయి ఆ చుక్కను ముందు బాబుకే చూపించింది, తర్వాత నానమ్మకు.