చిన్నబిడ్డలకి ఫ్రెంచ్ పీరియడ్: ఇది మన బడుల్లోకి ఎట్లా వచ్చింది

అడ్మిషన్ల టైం వస్తే తిరుపతిలో కొన్ని ప్రైవేట్ స్కూళ్ళు అబాకస్, రోబోటిక్స్‌తో పాటు ఫ్రెంచ్ కూడా చెప్తామంటా ఉన్నాయి, అదీ ఒకటో క్లాసు నుంచే. తల్లిదండ్రులు అడిగేది ఒకటే, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత బాగా వస్తుందా అని. దీని వెనక కథ తెలిస్తే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయని నాకనిపిస్తుంది.

మన పక్కకి ఫ్రెంచోళ్ళు కొత్తేం కాదు. పాకాల దగ్గర దామలచెరువు, ఇప్పుడు మామిడికాయల మండీలకి పేరు కదా, అక్కడే 1740లో మరాఠాల చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ చనిపోతే ఆయన కుటుంబం పుదుచ్చేరి పోయి ఫ్రెంచ్ గవర్నర్ దగ్గర తలదాచుకునింది. కానీ 1760లో వందవాసి దగ్గర ఫ్రెంచోళ్ళు ఓడిపోయాక ఈ సీమంతా మెల్లమెల్లగా ఇంగ్లీషోళ్ళ చేతికే పోయింది, 1954 దాకా ఫ్రెంచ్ పాలన నడిచిన తెలుగూరు యానాం ఒక్కటే. అందుకే చిత్తూరు బడుల్లో ఇంగ్లీష్ పాతుకుపోయింది, ఫ్రెంచ్‌కి చోటు దొరకలేదు.

1968 త్రిభాషా సూత్రంలో కూడా మనకి తెలుగు, హిందీ, ఇంగ్లీష్ అనే ఉండేది. ఫ్రెంచ్ ఎక్కువగా మార్కుల దారిలో వచ్చింది. ఇంటర్‌లో తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకునేది ఎందుకో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు, ఫ్రెంచ్‌దీ అదే లెక్క, తర్వాత అది మెల్లగా కింది క్లాసులకి దిగింది. మధ్యలో ప్రభుత్వాలు మనసు మార్చుకుంటే బిడ్డలు ఏమౌతారో 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో చూశాం, 2011 ఒప్పందంతో మూడో భాషగా వచ్చిన జర్మన్‌ని సంవత్సరం మధ్యలో తీసేసి సంస్కృతం పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం అయితే మూడు భాషల్లో రెండు భారతీయ భాషలుండాలని, విదేశీ భాషలు హైస్కూల్ స్థాయిలో అని చెప్పింది. అంటే ఒకటో క్లాసులో ఫ్రెంచ్ అనేది స్కూళ్ళు సొంతంగా పెట్టుకున్నదే.

చిన్నప్పుడే మొదలుపెడితే ఏమౌతుందనేది బయట పెద్దగానే పరీక్షించి చూశారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1964 నుంచి వేలమంది బిడ్డలకి 8 ఏళ్ళకే ఫ్రెంచ్ మొదలుపెట్టి పదేళ్ళు గమనించారు. 1974 రిపోర్టులో తేలిందేమంటే, 11 ఏళ్ళకి మొదలుపెట్టినోళ్ళతో పోలిస్తే వీళ్ళకి 16 ఏళ్ళకల్లా విని అర్థం చేసుకోవడంలో తప్ప పెద్ద తేడా లేదు. ఫ్రెంచ్ బాగా వచ్చిన టీచర్లు చాలక, హైస్కూల్‌కి పోయాక పిల్లలకి ముందే వచ్చిందాన్ని పట్టించుకోక ఇట్లా అయిందని తర్వాత చాలామంది వాదించారు. దానికి పూర్తి వేరుగా కెనడాలో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో 1965లో తల్లిదండ్రులే పట్టుబట్టి 26 మంది కిండర్‌గార్టెన్ బిడ్డలకి రోజంతా ఫ్రెంచ్‌లోనే బడి పెట్టించారు, వాళ్ళకి ఫ్రెంచ్ వచ్చింది, ఇంగ్లీషూ దెబ్బతినలేదు. కాకపోతే చుట్టూ ఫ్రెంచ్ మాట్లాడే ఊళ్ళున్నాయి, రోజూ గంటలు గంటలు ఆ భాషే, వారానికి రెండు పీరియడ్లు పెట్టి మనం ఆ ఫలితం ఆశిస్తే ఎట్లా?

మా చెల్లి కూతురు రెండో క్లాసు, దాని నోట్‌బుక్ చూశాను. రంగుల పేర్లు ఫ్రెంచ్‌లో రాసి పక్కన ఆ రంగు పెన్సిల్‌తో గుండ్రాలు నింపింది, ఎంత ముద్దుగా ఉందో. ఆకుపచ్చ రంగు కింద తెలుగులో ‘వెర్ట్’ అని రాసుకునింది. ఆ చివరి ‘ట్’ పలకరని దానికెవరూ చెప్పలేదు పాపం. టీచరమ్మ సంవత్సరం మధ్యలో మానేసిందంట, ఆ పీరియడ్‌లో ఇప్పుడు జీకే. తప్పు బిడ్డదా?

నేను ఫ్రెంచ్‌కి వ్యతిరేకం కాదు. శ్రీసిటీలో మెట్రో బోగీలు చేసే ఆల్‌స్టమ్ ఫ్రెంచ్ కంపెనీనే, 2030కల్లా 30 వేలమంది భారతీయ విద్యార్థులు రావాలని ఫ్రాన్స్ కోరుకుంటా ఉంది. బిడ్డలకి ఇది పనికొచ్చే భాషే. అందుకే ఫీజు కట్టేముందు టీచర్‌కి ఫ్రెంచ్ మాట్లాడడం వచ్చా, వారానికి ఎన్ని పీరియడ్లు, పదో క్లాసు దాకా ఉంటుందా అని గట్టిగా అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ పీరియడ్ తమిళానికి ఇమ్మని నేనైతే అడుగుతా. నగరి, సత్యవేడు, కుప్పం పక్క ఎన్నో ఇళ్ళల్లో బిడ్డలు రోజూ వింటా ఉండే భాష అది, చదవడం రాయడం నేర్పే బడులు మాత్రం తక్కువే.