సర్టిఫికెట్ ఉంది కదన్నా! నోలన్ రయాన్ సంతకం కార్డుల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన శనివారం డాలస్ పక్కన ప్లేనోలో బేస్‌బాల్ కార్డుల షో. నా టేబుల్ దగ్గరికి ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు, చంకలో పాత దుప్పట్లో చుట్టిన ఫ్రేము. విప్పితే లోపల టాప్స్ కంపెనీ వాళ్ల 1990 నాటి కార్డు, దాని మీద నీలం షార్పీ మార్కర్‌తో ఒకప్పటి బేస్‌బాల్ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) నోలన్ రయాన్ సంతకం, కింద బంగారు అంచున్న సర్టిఫికెట్, మూలన తళతళలాడే హోలోగ్రామ్. కొడుకు పదో పుట్టినరోజుకని నాలుగు వందల యాభై డాలర్లు పోశాడట. "అమ్మడానికి కాదులే అన్నా, ఊరికే అడుగుతున్నా. ఎంత చేస్తుంది?" అన్నాడు.

ఫ్రేము వెనక మేకులు తీసి, కార్డు బయటికి లాగి లూపు, అంటే చిన్న భూతద్దం, పెట్టాను. సంతకం మొదలైన చోట సిరా చిన్న మడుగు కట్టి ఉంది. ఇంటిపేరు మధ్యలో రెండుచోట్ల చెయ్యి ఆగి, మళ్లీ బయల్దేరింది. చివరి గీత సన్నబడుతూ లేచిపోవాల్సింది, మొద్దుగా తెగింది. యాభై ఏళ్లకు పైగా అదే పేరు రాస్తున్న మనిషి అంత భయంభయంగా రాయడు. నెమ్మదిగా చెప్పాను. అతని మొహం వాడిపోయింది, కానీ వెంటనే తేరుకుని నేను నెలకు నాలుగుసార్లు వినే మాటే అన్నాడు: "సర్టిఫికెట్ ఉంది కదన్నా!"

ఈ ఒక్క మాటకి మనవాళ్లు పోగొట్టుకున్నంత డబ్బు మిగతా అపోహలన్నిటికీ కలిపి కూడా పోగొట్టుకోలేదు. అందుకే సగానికి పైగా దీని గురించే రాస్తున్నాను. విసుగొస్తే క్షమించండి.

మా నాన్న తెనాలిలో దస్తావేజులు రాసేవారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన పక్కన బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసేవాణ్ణి. స్టాంపు కాగితం ఎంత ఖరీదైనదన్నది ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. సంతకం పెట్టేటప్పుడు ఎదురుగా ఎవరున్నారు, సాక్షి ఎవరు, ఆ సాక్షి రేపు పిలిస్తే వస్తాడా, ఇవే అడిగేవారు. ఇంకో మాట కూడా అనేవారు: సొంత సంతకం పెట్టేవాడు కాగితం వంక సరిగా చూడనైనా చూడడు, పక్కవాడి సంతకం పెట్టేవాడు పెన్ను మొన మీంచి కళ్లు తీయడు. డాలస్‌లో పగలు సాఫ్ట్‌వేర్, వారాంతం కార్డులు చేసుకుంటున్న నాకు ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్న చదువు ఆ బల్ల మీదిదే.

సర్టిఫికెట్ చేతికిస్తే ముందు చూడాల్సింది అది ఎవరిచ్చారని. అమ్మినవాడే ఇచ్చుకున్నదైతే దాని విలువ ప్రింటు తీసిన కాగితం ఖరీదంత. "ఇది అసలైనదని నేను హామీ ఇస్తున్నాను" అని దొంగ కూడా రాయగలడు, పైగా శ్రద్ధగా రాస్తాడు. హోలోగ్రామ్ స్టిక్కర్లు రోళ్లకు రోళ్లు ఇంటికి తెప్పించుకోవచ్చు. ఆ కుర్రాడి సర్టిఫికెట్‌లో కంపెనీ పేరుంది, సంతకం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట జరిగిందో ఒక్క ముక్క లేదు. సాక్షి లేని దస్తావేజు.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. 1990లలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ సంతకాల ముఠాల మీద పడింది. 1999లో శాన్‌డియేగో వైపు పెద్ద ఎత్తున దాడులు చేసింది. శాన్‌డియేగో పాడ్రేస్ ఆటగాడు టోనీ గ్విన్ తన పేరున అమ్ముతున్న సంతకాలు తనవి కావని చెప్పాడు. ఆ ముఠాల సరుకుకు సర్టిఫికెట్లు లేక కాదు, సంతకంతో పాటే సర్టిఫికెట్ కూడా తయారయ్యేది. పట్టుకున్నవాటిలో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది! కలకత్తాలో ఆవిడ ముందు ఎవరో బంతి, పెన్ను పట్టుకుని నిలబడ్డారని నమ్మినవాళ్లూ ఉండేవుంటారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ సొంత ధ్రువీకరణ పద్ధతి 2001లో మొదలైంది, దానికి ఈ గొడవే ఒక కారణం. అందులో ఒక మనిషి అక్కడే నిలబడి కళ్లారా చూస్తేనే హోలోగ్రామ్ అంటిస్తారు. వస్తువు ఒకసారి కంటిచూపు దాటి వెళ్లొస్తే అంటించరు. నాన్న లెక్కా అదే.

మరి సంతకాలు పరీక్షించి ధ్రువీకరించే కంపెనీలు పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ మాటేమిటి అంటారు. ఈ మూడూ నేను వాడేవే, మీరూ వాడండి. కాకపోతే వాళ్లు మామూలుగా ఇచ్చేది అభిప్రాయం. ఎప్పుడో పెట్టిన సంతకాన్ని తమ దగ్గరున్న అసలు నమూనాలతో పోల్చి "మా ఉద్దేశంలో సరైనదే" అంటారు. తమ మనిషి ఎదుటే పెట్టిన సంతకమైతే ఆ సంగతి వేరేగా రాస్తారు. ఈ రెంటికీ తేడా ఉంది, కొనేటప్పుడు లేబుల్ మీద అది చదవండి. ఆ తర్వాత లేబుల్ మీది నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి. నంబరు దొరికిందని ఆగిపోవద్దు. అసలు కార్డు నంబరునే దొంగ లేబుల్ మీద అచ్చేసేవాళ్లున్నారు. ఫొటో ఉంటే గీతగీతా పోల్చుకోండి: సంతకం కార్డులో ఎక్కడ మొదలైంది, చేతి తొడుగు మీదుగా పోయిందా, టోపీ దాటిందా. ఒకే మనిషి పెట్టినా రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు ఒకే చోట పడవు.

నేనూ మునిగాను. మొదట్లో 1973 నాటి రయాన్ కార్డొకటి, సంతకంతో, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే నూట ఎనభై డాలర్లకు కొన్నాను. ఎందుకు నమ్మాననుకున్నారు? సర్టిఫికెట్ మీద ఎంబాసింగ్ ముద్ర ఉంది, వేలితో తడిమితే తెలుస్తోంది. నాన్న కొడుకునై ఉండి ముద్రకి పడిపోయాను. ధ్రువీకరణకు పంపితే తిరస్కరించి తిప్పి పంపారు, ఫీజు అదనంగా పోయింది. ఆ కార్డు ఇప్పటికీ టేబుల్ కింద డబ్బాలోనే ఉంది, కొత్తవాళ్లకి చూపించడానికి. దాని మీద మడత గీత ఒకటుంది, సిరా ఆ మడతలోకి పాకి అటూఇటూ చిమ్మింది. అంటే కార్డు మడతపడ్డాకే సంతకం పడింది. "1974లో స్టేడియంలో కొత్త కార్డు మీద పెట్టించుకున్నా" అన్న అమ్మకందారు కథ ఆ మడత దగ్గరే తేలిపోయింది. ఇంటికొచ్చాక కనపడింది నాకు.

దీని వెంటే వచ్చే అపోహ ఇంకొకటి: "వేలు పలికే సంతకమైతే ఫోర్జరీ చేస్తారు గానీ, వందా రెండొందల దానికి ఎవడు చేస్తాడు?" సరిగ్గా దానికే చేస్తారండీ. రయాన్ టెక్సాస్ మనిషి, రెఫ్యూజియోలో పుట్టి ఆల్విన్‌లో పెరిగాడు. ఇక్కడి జట్లు ఆస్ట్రోస్‌కి ఆడాడు, రేంజర్స్‌కి ఆడాడు, 27 సీజన్లు, 5,714 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ని అవుట్ చేయడం), 7 నో-హిట్టర్లు (అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా దక్కనివ్వని మ్యాచ్‌లు). ఏడోది 1991 మే 1న ఇక్కడే ఆర్లింగ్టన్‌లో, 44 ఏళ్ల వయసులో. మన బౌలర్లలో ఎవరైనా ఆ వయసులో అంత వేగంగా వేస్తుంటే ఊహించుకోండి. ఇక్కడి ఆఫీసుల్లో ప్రతి మూడో క్యూబికల్‌లో ఆయన ఫొటో కనిపిస్తుంది, మనవాళ్లూ పక్క సీటువాణ్ణి చూసే మొదలుపెడతారు. అంత గిరాకీ ఉన్న పేరు. ఆయన దశాబ్దాలుగా విరివిగా సంతకాలు పెడుతున్నాడు కాబట్టి అసలుదీ దొరకని సరుకేం కాదు. మరోపక్క 1989-93 నాటి కార్డులు కుప్పలుతెప్పలుగా అచ్చయ్యాయి, సంతకం లేకపోతే వాటిలో చాలావాటికి డాలరు కూడా రాదు. దొంగకి పెట్టుబడి ఎంత? ఒక పాత కార్డు, ఒక షార్పీ. వంద డాలర్ల దాన్ని ధ్రువీకరణకి పంపి ఫీజు దండగ చేసుకోవడం ఎందుకులే అని కొన్నవాడు ఊరుకుంటాడు. వాడి వ్యాపారం ఆ ఊరుకోవడం మీదే నడుస్తోంది.

మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. కార్డు కంపెనీ స్వయంగా సంతకం చేయించి ప్యాకెట్లో పెట్టి అమ్మినదాన్ని కొనండి. వెనక వైపు ఆ సంగతి అచ్చులోనే ఉంటుంది. రయాన్‌దే కావాలంటే 1991లో అప్పర్ డెక్ కంపెనీ 'బేస్‌బాల్ హీరోస్' వరసలో ఆయన సంతకం చేసిన 2,500 కార్డులు ప్యాకెట్లలో కలిపి వదిలింది, ఒక్కోదాని మీద నంబరు ఉంటుంది. దానికీ దొంగ పుట్టొచ్చు, అయినా మొదటి మెట్టుగా నయం.

ఇంకోటి, ఇది కాస్త నవ్వొచ్చే వ్యవహారం, కానీ పాపం అడిగేవాళ్లు నిజంగానే ఆశపడి వస్తారు. "మా ఓనరు గరాజ్ సేల్‌లో రయాన్ సంతకం ఉన్న 1975 కార్డు ఇరవై డాలర్లకే ఇచ్చాడు!" అది అచ్చు సంతకం. టాప్స్ 1971, 1975, 1980 లాంటి ఏళ్లలో కార్డు ముందువైపే ఆటగాడి సంతకాన్ని బొమ్మతో పాటు ముద్రించింది. పరీక్షకి లూపు కూడా అక్కర్లేదు. అదే కార్డు ఫొటోలు ఆన్‌లైన్‌లో నాలుగు తెరవండి, నాలుగింటి మీదా సంతకం అదే చోట, అదే వంపుతో ఉంటుంది. వెలుగుకి ఏటవాలుగా పట్టినా సరే: పెన్నుతో పెట్టినదైతే సిరా మెరుపు కార్డు మెరుపుకి వేరుగా కనిపిస్తుంది. కార్డు నిజమైనదే అయితే దిగులు పడక్కర్లేదు. 1975 రయాన్ కార్డు సంతకం లేకపోయినా దాచుకోదగ్గదే.

మిగతావి గబగబా.

సంతకం పెడితే పాత కార్డు పాడైపోతుందా? కార్డును బట్టి. రయాన్ రూకీ కార్డు, అంటే తొలి కార్డు, 1968 టాప్స్ 177వ నంబరు, పక్కన జెర్రీ కూస్‌మన్ అనే ఇంకో పిచ్చర్ కూడా ఉంటాడు. మూలలు అరిగిపోయిన దాని మీద అసలు సంతకముంటే అడిగేవాళ్లు ఎక్కువే. కొత్తదానిలా మెరుస్తున్నదాని మీద మాత్రం నేనైతే పెన్ను పెట్టనివ్వను.

ధ్రువీకరించిన కంపెనీ కార్డును పెట్టి మూసిన ప్లాస్టిక్ డబ్బా మీద 10 అని ఉంది కాబట్టి కార్డుకి పదికి పది మార్కులా? లేబుల్ మొత్తం చదవండి. చాలాసార్లు ఆ పది సంతకానికిచ్చిన మార్కు. కార్డుకి వేరే మార్కు ఉంటుంది, లేదా అసలైనదే అని మాత్రం రాసి వదిలేస్తారు.

కార్డులో అతికించిన జెర్సీ ముక్క ఉంటే ఆటగాడు ఆ ఫలానా మ్యాచ్‌లో వేసుకున్నదేనా? వెనక్కి తిప్పి సన్నచ్చు చదవండి. ఏ ఒక్క మ్యాచ్‌కీ, సీజన్‌కీ చెందినది కాదని ఈమధ్య చాలా కార్డుల మీద వాళ్లే రాస్తున్నారు.

స్టిక్కర్ సంతకం దొంగదా? కాదు. ఆటగాడు స్టిక్కర్ల షీట్ల మీద సంతకాలు పెడతాడు, కంపెనీ వాటిని కార్డుకి అంటిస్తుంది. సంతకం ఆయనదే, కార్డును మాత్రం ఆయన ముట్టుకుని ఉండడు. అందుకే నేరుగా కార్డు మీద పెట్టినదానికి గిరాకీ.

ఇక పిల్లలకి కార్డు ప్యాకెట్ల బాక్సులు కొనేస్తున్న తల్లిదండ్రులు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచ్చర్ పాల్ స్కీన్స్ తొలి మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీ మీది ప్యాచ్ అతికించిన కార్డు, సంతకంతో, ప్రపంచంలో ఒకే ఒక్కటి, లాస్ ఏంజెలెస్‌లో పదకొండేళ్ల పిల్లాడికి ప్యాకెట్లో తగిలింది. 2025 మార్చిలో 11.1 లక్షల డాలర్లకు పోయింది. అప్పట్నుంచి మా వాట్సాప్ గుంపుల్లో "మావాడికీ తగలొచ్చు" జాతర. ఫలానా దుకాణంలో బాక్సులు 'హాట్' అని, అంటే వాటిలో మంచి కార్డులున్నాయని, తూకం వేస్తే తెలుస్తుందని పుకార్లు. ఆ పిల్లాడికి తగిలిందంటే మిగతా అందరికీ తగల్లేదని లెక్క. పిల్లలతో కూర్చుని ప్యాకెట్లు చించడం సరదా, కాదనను. సరదాకి ఎంత పెడతారో అంతే పెట్టండి. ఫలానా పిచ్చర్ సంతకమే కావాలంటే ఆ ఒక్క కార్డు కొనుక్కోవడమే చవక.

ఫ్రేము కుర్రాడి సంగతికొస్తే, అతను క్రెడిట్ కార్డుతో కట్టాడు, కొని నెల కూడా కాలేదు. ముందు ధ్రువీకరణకు పంపమన్నాను, వాళ్లు తిరస్కరిస్తే ఆ కాగితంతో అమ్మినవాణ్ణి డబ్బడగమన్నాను, ఇవ్వకపోతే బ్యాంకులో వివాదం వేయమన్నాను. గొంతు పెంచొద్దు, దొంగ అనొద్దు, ఆ మనిషి కూడా ఎక్కడో మోసపోయి కొన్నాడేమో. నా కళ్లు కూడా పొరపాటు పడొచ్చు, అది కూడా చెప్పాను. కొడుక్కి ఏం చెప్పాలని అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. డబ్బాలోని నా 1973 కార్డు తీసి మడత దగ్గర సిరా ఎలా చిమ్మిందో చూపించాను, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మీ దగ్గర అనుమానం ఉన్నది ఏదైనా ఉంటే వచ్చే షోకి పట్టుకురండి, చూసినందుకు డబ్బులేం తీసుకోను. ఫ్రేము మాత్రం ఇంట్లోనే విప్పేసి తెండి. అద్దం మీంచి సిరా కనపడదు, నా దగ్గర స్క్రూడ్రైవర్ ఒక్కటే ఉంది. ఆ ఫ్రేము పడమటి కిటికీ ఎదురుగా తగిలించి ఉంటే ఈ రాత్రే దించేయండి, టెక్సాస్ ఎండకి షార్పీ నిలవదు.