పీట కింద మిగిలిన నేల

డెబ్బై దాటిన పాఠకుడొకరు రెండు ప్రశ్నలు పంపారు. మొదటిది తీరుబడిగా రాశారు. మనవడు విదేశం నుంచి గుళికల సీసా పంపాడట. అవి కణాల్లోని 'టీలోమియర్లను' (క్రోమోజోముల కొసలను) పొడిగించి వయసును వెనక్కి తిప్పుతాయని దానిమీద అచ్చువేసి ఉందట. వేసుకోవచ్చా అని అడిగారు. రెండోది ఉత్తరం మడిచేముందు తోచినట్టుంది, అడుగున ఇరుకు అక్షరాల్లో ఉంది: 'తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఒకనాటికి నేను ఉండనన్న సంగతి గుర్తొచ్చి ఒళ్లు చల్లబడుతుంది. దీనికి సైన్సులో ఏమైనా ఉందా?'

మొదటి ప్రశ్న నాకు మహా ఇష్టమైన విషయం. కాబట్టి ఎక్కువ చోటు అదే తినేస్తుంది, పెద్దవారు మన్నించాలి.

కథ ఒక కోడిపిల్ల గుండెతో మొదలవుతుంది. 1912 జనవరిలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ అనే ఫ్రెంచి సర్జను కోడిపిండం గుండెలోంచి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పెంచడం మొదలుపెట్టాడు. రక్తనాళాలను కుట్టే పద్ధతి కనిపెట్టినందుకు ఆ ఏడాదే ఆయనకు నోబెల్ వచ్చింది, ఇక ఆయన మాటకు ఎదురు చెప్పేవారెవరు? ఆ కణాలు ఏ కోడీ బతకనంత కాలం బతికాయి. పత్రికలు వాటికి పుట్టినరోజులు జరిపాయి. 1944లో కారెల్ పోయాడు, కణాలు మాత్రం 1946 దాకా ఉన్నాయి. అప్పుడైనా అవి చావలేదు, పెంచేవాళ్లే చాలించుకున్నారు. కణానికి స్వతహాగా చావు లేదు, చచ్చేది శరీరమే అని ఒక తరం శాస్త్రవేత్తలు నమ్మారు. అసలు సంగతేమిటంటే, ఆ కణాలకు ఆహారంగా పోసిన పిండరసంలోనే తాజా కణాలు కలిసిపోయి ఉంటాయని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. రోజూ బిందెలతో నీళ్లు పోస్తూ, మా చెరువు ఎప్పటికీ ఎండదని చెప్పుకోవడం లాంటిది.

1961లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లెనర్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ ఈ నమ్మకాన్ని పడగొట్టారు. మనిషి పిండం నుంచి తీసిన మామూలు కణాలు దాదాపు 50 సార్లు రెట్టింపయి ఆగిపోతున్నాయి. ద్రవంలో లోపమేమో, విషమేదో చేరిందేమో అని ఎవరైనా అంటారు కదా. దానికి హేఫ్లిక్ చేసిన ప్రయోగం చూడండి. ముసలి మగకణాలనూ పడుచు ఆడకణాలనూ ఒకే పాత్రలో కలిపి పెంచాడు. క్రోమోజోములు చూస్తే ఏది ఎవరిదో తెలుస్తుంది. తప్పు ద్రవానిదే అయితే ఇద్దరికీ ఒకే గతి పట్టాలి. కొంతకాలానికి చూస్తే పాత్రలో ఆడకణాలే మిగిలాయి. ఇంకా విడ్డూరం, కణాలను గడ్డకట్టించి ఏళ్ల తర్వాత కరిగించినా, ఎక్కడ ఆపాయో అక్కడినుంచే లెక్క అందుకుంటాయి. 30 సార్లు రెట్టింపైనవి ఇంకో 20 సార్లు అయి ఆగుతాయి. కాలాన్ని కాదు, విభజనలను లెక్కపెడుతున్నాయన్నమాట. కళ్లూ వేళ్లూ లేని కణం దేనితో లెక్కపెడుతోంది?

ఇక్కడ మా అమ్మమ్మ ఇల్లు అలికే పద్ధతి చెప్పాలి.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. చిన్న పీట వేసుకుని కూర్చుని పేడనీళ్లతో వసారా అలికేది. ఆమె చెయ్యి తూర్పునుంచి పడమరకే సాగుతుందని అనుకుందాం, అటునుంచి ఇటు రాదు. వసారాలో సామాను పడమటి నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా తీస్తున్నారు, నేల తూర్పుగా ఖాళీ అవుతోంది. ఆమె ఏం చేయాలి? కొత్తగా ఖాళీ అయిన చోట, తూర్పు అంచున పీట వేసుకుని, పడమటిగా అలుకుతూ వెళ్లి, ఇందాక అలికినదానితో కలపాలి. పీట ఎత్తగానే దాని కింద పొడినేల కనిపిస్తుంది. ఫర్వాలేదు, ఇంకాస్త తూర్పున పీట వేసుకుని అలికే తర్వాతి దఫాలో అది కప్పబడిపోతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా సాగుతూ తూర్పు గోడ దగ్గరికి వచ్చేస్తుంది. గోడకు ఆనించి చివరి పీట. అక్కడినుంచి అలికి, పీట ఎత్తితే కింద పొడినేల. దాన్ని కప్పాలంటే ఇంకా తూర్పున కూర్చోవాలి. అక్కడ గోడ ఉంది.

మన కణంలో ప్రతి విభజనకు ముందూ జరిగేది అచ్చంగా ఇదే. డీఎన్ఏను నకలు తీసే పాలిమరేజ్ ఎంజైము ఒక దిక్కుకే రాస్తుంది, పైగా ఉత్త నేలమీద మొదలుపెట్టలేదు. ముందుగా ఎవరో పీట వేయాలి. సుమారు పది అక్షరాల (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు రసాయన అక్షరాల వరుసలే) పొడవున్న ఆర్ఎన్ఏ తునకే ఆ పీట, పేరు ప్రైమర్. రెండు పోగుల్లో ఒకదాన్ని ముక్కలుగా రాయక తప్పదు. వాటినే ఒకజాకి శకలాలంటారు. ఇంటర్మీడియెట్ పిల్లలు ఈ పేరును రెండు మార్కుల కోసం బట్టీ పడతారు. పీట గురించి మాత్రం వాళ్లకెవరూ చెప్పరు. చెబితే, చివరి పీట సంగతేమిటని ఏ పిల్లో అడిగి ఉండేది. లోకంలో ఆ ప్రశ్నకు మొదట జవాబు ఊహించింది అలెక్సీ ఒలొవ్నికొవ్ అనే రష్యన్. మాస్కో మెట్రో స్టేషనులో రైలును చూస్తుండగా తట్టిందట. ఆయనకు రైలు, నాకు పీట. 1971లో ప్రచురించాడు, అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చాలావరకు బాక్టీరియాకు ఈ బాధ లేదు. దాని డీఎన్ఏ గుండ్రంగా ఉంటుంది. మండువా లోగిలిలో నడిమింటి చుట్టూ తిరిగే వసారాను ఊహించండి. అడ్డుగోడ లేదు, చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదటి పీట చోటూ కప్పబడుతుంది. మన క్రోమోజోములు పొడుగు వసారాలు, రెండు కొసలా గోడలే. అలికిన మేరకే రేపటి ఇల్లు అని నియమం పెట్టుకోండి. ప్రతి విభజనకూ కొసలో ఒక పీటంత కురచ అవుతుంది. నిజానికి అంతకన్నా ఎక్కువే, ఎందుకంటే ఆఖరి పీట సరిగ్గా గోడకు ఆనదు, కొసలను కొరికే ఎంజైములు వేరే ఉన్నాయి. మొత్తం కలిపి 50 నుంచి 100 అక్షరాలు పోతాయి.

అందుకే కొసల్లో సామాను, అంటే జన్యువులు, పెట్టని ఖాళీ నేల ఉంచింది ప్రకృతి. టీటీఏజీజీజీ, టీటీఏజీజీజీ అని ఆరేసి అక్షరాలు వేలసార్లు తిరిగి వచ్చే ఆ అర్థంలేని జపమే టీలోమియర్. పుట్టేనాటికి సుమారు 10,000 అక్షరాల పొడవు. ఆ కొస ముడుచుకుని ఉచ్చులా తనలోకి తానే దూరి ఉంటుంది. షెల్టరిన్ అనే ఆరు ప్రోటీన్ల జట్టు దానిమీద కాపలా కూర్చుంటుంది. లేకపోతే కణం ఆ కొసను తెగిన డీఎన్ఏ అనుకుని, ఇంకో క్రోమోజోము కొసతో అతికించేస్తుంది. ఖాళీ నేల మరీ తరిగితే కాపలా పలచబడుతుంది, ఉచ్చు విప్పుకుంటుంది, డీఎన్ఏ తెగిందన్న అలారం మోగుతుంది, పీ53 అనే ప్రోటీను విభజనను శాశ్వతంగా ఆపేస్తుంది. హేఫ్లిక్ చూసిన ఆగిపోవడం ఇదే.

మరి తరతరాలుగా మనుషులు పుడుతున్నారు కదా, శిశువుల టీలోమియర్లు ఈపాటికి ఎప్పుడో అయిపోవాలి. ఖాళీ నేలను మళ్లీ కట్టే మేస్త్రి ఎవరో ఉన్నాడు. అతణ్ణి మురికిగుంటల్లో బతికే టెట్రాహైమెనా అనే ఏకకణజీవిలో వెతికారు. దానిలో వేలకు వేల బుల్లి క్రోమోజోములు ఉంటాయి కనుక కొసలకు కొదవ లేదు. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర పరిశోధక విద్యార్థినిగా ఉన్న కెరోల్ గ్రైడర్, 1984 క్రిస్మస్ రోజున ల్యాబుకు వెళ్లి ఎక్స్‌రే ఫిల్ము చూస్తే, ఆరేసి అక్షరాలుగా పెరిగిన నిచ్చెనమెట్లు కనిపించాయి. ఆ మేస్త్రి పేరు టీలోమరేజ్. ఇటుక అచ్చును సంచిలో తానే తెచ్చుకునే మేస్త్రి, ఆర్ఎన్ఏ అచ్చును తనలోనే ఇముడ్చుకుని ఉంటాడు. అచ్చు ఆనిస్తాడు, ఆరు అక్షరాలు పోస్తాడు, జరుగుతాడు. 2009లో వారిద్దరికీ జాక్ షోస్టాక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

'ఇంకేం, అమృతం దొరికింది' అన్నారు గుళికల వ్యాపారులు. అమృతం కథ వాళ్లు సగమే విన్నట్టున్నారు. మోహిని రెండు బంతులు వేసి ఒక బంతికే వడ్డించింది. మన శరీరమూ అంతే చేస్తుంది. వీర్యాన్ని తయారుచేసే కణాలకు టీలోమరేజ్ బాగా అందుతుంది, మూలకణాలకు కాస్త విదిలిస్తుంది, మిగతా బంతికి దాదాపు సున్నా. ఆ వరుసలోంచి లేచి వేషం మార్చి దేవతల బంతిలో కూర్చున్న రాహువే క్యాన్సరు కణం. 85 నుంచి 90 శాతం క్యాన్సర్లలో టీలోమరేజ్ పనిచేస్తూ కనిపిస్తుంది. మొండెం నుంచి వేరుపడినా చావక, వెలుగును మింగడానికి తిరుగుతుండే తలకాయ. గ్రహణం రోజున గర్భిణిని గదిలో పెట్టి తలుపులు వేసేవాళ్లు ఈ కథలో రుచిగల ముక్కను వదిలేసి పిప్పి నములుతున్నారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే 31 ఏళ్ల నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో కన్నుమూసింది. ఆమెను అడక్కుండానే తీసిన కణితి కణాలు మాత్రం ఈనాటికీ దాదాపు రోజుకోసారి రెట్టింపవుతూ, హైదరాబాద్ సహా ప్రపంచమంతా ల్యాబుల్లో బతుకుతున్నాయి. చావు లేనిది ఆ కణాలకు, మనిషికి కాదు.

ఇలాంటి కణాల చేతిలోంచి పేడబుట్ట లాగేసినవారిలో మనవారొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగు జబ్బు బలి తీసుకుంది. అమెరికాలో ఆయన జట్టు, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్నే కాస్త మార్చి, కణాన్ని మోసం చేసే నకిలీనీ చేసింది. దాని పేరు అమినాప్టెరిన్. నకిలీని మింగిన కణానికి డీఎన్ఏ అక్షరాలు తయారుకావు, అలకడానికి పేడ ఉండదు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్లకు పోయారు.

గుళికల సంగతికి వస్తాను. మనిషి ఆయువు పెంచిందని రుజువైన టీలోమియర్ గుళిక ఒక్కటీ లేదు. పోనీ పనిచేసిందే అనుకుందాం, సంతోషించాలా? ల్యాబు ఎలుకల టీలోమియర్లు మనవాటికన్నా ఎన్నో రెట్లు పొడుగు, అవి బతికేది రెండు మూడేళ్లు. పీఓటీ1 అనే జన్యువులో మార్పువల్ల పుట్టుకతోనే పొడుగు టీలోమియర్లు ఉన్న కుటుంబాలను పరిశీలించారు. వాళ్లలో కొందరికి జుట్టు ఆలస్యంగా నెరిసింది, కణితులు మాత్రం ఎక్కువ వచ్చాయి. మరీ పొట్టివైతే ఎముకమజ్జ ఎండిపోతుంది, ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పీట కింద మిగిలే ఆ పొడినేల శరీరం చేసిన పొరపాటు కాదేమో, రాహువుకు వేసిన అడ్డుగోడేమో. సీసా మూత తీయకండి. కంట్లో కాటరాక్టు ఉందేమో చూపించుకోండి, బీపీ మాత్ర వేసుకుంటుంటే మానకండి.

ఇక మూడింటి మెలకువ. భయానికి కేంద్రం మెదడులోని అమిగ్డలా అనే భాగమని అందరూ రాస్తారు. అది రెండు వైపులా దెబ్బతిన్న ముగ్గురు రోగుల చేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ పీల్పించిన ప్రయోగం ఒకటి 2013లో వచ్చింది. వాళ్లలో ఒకామె పాముకూ దెయ్యపు సినిమాకూ జంకనిది. అయినా ఊపిరాడదన్న ఒక్క సంకేతానికి ముగ్గురూ బెంబేలెత్తిపోయారు. అంటే చావుభయంలో ఒక పొర మెదడు అడుగున, ఊపిరిని కాచుకునే చోట ఉంది. అది చాలా జంతువులకు ఉన్నదే. మీది ఆ భయం కాదు. గదిలో గాలి ఆడుతూనే ఉంది, రాని రోజును ఊహించగల మెదడు పైపొర మెలకువగా ఉంది.

ఆ పైపొర కణాల గురించి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1955 నుంచి 1963 వరకు అణుబాంబుల పరీక్షలవల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది, తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఎంత ఉందో అంతే దాని డీఎన్ఏలో ముద్రపడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ముద్రను చదివి చూస్తే, పైపొరలోని నాడీకణాల వయసూ మనిషి వయసూ ఒకటేనని తేలింది. అవి పుట్టాక విభజన చెందవు. వాటికి పీట వేసే పనే లేదు, అలికే పనే లేదు, కాబట్టి మనవడి గుళికతోనూ పనిలేదు. మీరు 1955లో పుట్టానని రాశారు. ఈ తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచిన కణాలు, మిమ్మల్ని ఉయ్యాల్లో వేసిననాడు ఉన్న అవే కణాలు.